పొట్టు పట్టిన గొట్టం

మురికిని చూపించి రెండు వందల డాలర్లు తగ్గించి, ఆ మురికిని తుడవకుండానే ఆరు నెలలు వాడుకున్న మొనగాణ్ణి నేను. కాఫీ గింజలు వేయించే ఆ చిన్న మిషన్‌ను పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర కొన్నాను. మూత తీసి, లోపల వేలు పెట్టి, నల్లబడ్డ వేలిని ఆయన ముక్కు ముందు ఆడిస్తూ బేరమాడాను. డబ్బు పుచ్చుకున్నాక ఆయన, శుభ్రం చేశాకే వాడమని రెండుసార్లు చెప్పాడు. ధర తెగాక అమ్మేవాడు చెప్పే మాటలు మా వంశంలో ఎవరూ వినరు. చీరాలలో మా నాన్నది పచారీ కొట్టు, పక్కనే పెదనాన్నది ఇనుప సామాన్ల కొట్టు, ఎదురుగా మేనమామది బట్టల కొట్టు. నేను నడక నేర్చుకున్నదే ఒక గల్లాపెట్టె నుంచి ఇంకో గల్లాపెట్టెకు. అందుకని మిషన్‌తో ఆగలేదు. పొగ బయటికి పోవడానికి గోడకు కన్నం కొట్టాలంటే పనివాడు మూడు వందల ఇరవై అడిగాడు. నేను పదకొండు డాలర్లకు రేకు గొట్టం తెచ్చి, బేస్‌మెంట్‌లో బట్టలారబెట్టే డ్రయర్ గొట్టానికే అతుకు వేసి, వెండిరంగు టేపు చుట్టేశాను. ఆ అతుకును వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి.

ఇదంతా ఇవాళ ఎందుకంటే, పొద్దున గ్యారేజీలో మిషన్ డ్రమ్ము కీచుమంది. బేరింగు గ్రీజు అడుగుతోందన్నమాట. ఎలాగూ విప్పాను కదా అని ఫ్యాను కూడా బయటికి తీసి, రెక్కలకు అంటుకున్న జిగటను చెక్క గరిటెతో గీకుతున్నాను. ఆరిపోయిన పొయ్యికీ కాలిన బెల్లానికీ మధ్యన ఉండే ఆ వాసన తగలగానే, మేము వాటర్లూలో బేస్‌మెంట్ గది అద్దెకిచ్చిన మొదటి శీతాకాలం లేచి కూర్చుంది.

ఆ రోజుల్లో చదువులకని పిల్లలు మన దగ్గర నుంచి విమానాలకు విమానాలుగా దిగుతున్నారు. ఏ బస్సెక్కినా వెనక సీట్లో తెలుగే. మాకు తెలిసిన ఒక ఇంట్లో హాలు నిండా పరుపులే ఉండేవి. ఒక షిఫ్టు వాళ్ళు లేస్తే ఇంకో షిఫ్టు వాళ్ళు పడుకునేవారు. మా గదిని చూడడానికి ఒక్క సాయంత్రం తొమ్మిదిమంది వచ్చారు. చివర వచ్చింది కరీంనగర్ అమ్మాయి. ఏడు వందలు చెప్పాను. అందులో యాభై, తగ్గించడం కోసమని నేను ముందే కలిపిపెట్టుకున్నవి. ఆ అమ్మాయి గదిని ఒకసారి చుట్టూ చూసి, “ఓకే అంకుల్” అంది. అంతే. వడ్డించబోతే విస్తరి మూసేసినట్టయింది నాకు. ఇంత మంచి గదికి ఎవరు మాత్రం బేరమాడతారులే అని సర్దిచెప్పుకున్నాను. ఆ యాభై మాత్రం వెనక్కివ్వలేదు.

గది గోడకు అవతలే డ్రయర్, దాని పక్కన నా మిషన్. ప్రతి ఆదివారం రెండు దఫాలు గింజలు వేయించేవాణ్ణి. ఆ ఘుమఘుమ ఇల్లంతా పాకేది. పాకకూడదని, గొట్టం ఉన్నది అందుకేనని నాకు తట్టలేదు. ఉతికిన బట్టలు కూడా కాఫీ వాసన కొట్టేవి. “మీ బనియన్లు పిండితే ఇద్దరికి డికాషన్ దిగుతుంది” అనేది మా ఆవిడ. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. మిషన్ కడగరా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మా నాన్న కొట్టులో వేరుశనగలు వేయించే బాణలిని ముప్పై ఏళ్ళు ఎవరూ తోమలేదు, ఆ నలుపులోనే రుచి ఉందని బజారంతా నమ్మేది. ఆ బాణలి అరుగు మీద, ఆరుబయట ఉండేదన్న సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాను.

ఆదివారాలు ఆ అమ్మాయి పొద్దున్నే బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి పోయేది. చదువు మీద శ్రద్ధ అనుకున్నాం. జనవరిలో, బయట మైనస్ ఇరవై ఉండగా, గది కిటికీ బెత్తెడు తెరిచి ఉండడం చూసి హీటింగు బిల్లు గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. “సారీ అంకుల్” అని మూసేసింది. తలుపు కింద శాలువా చుట్ట పెట్టుకోవడం చూసి, చలికి అలవాటు పడలేదు పాపం అనుకున్నాను. దగ్గుతోందని మా ఆవిడ శొంఠి కషాయం పంపేది. అదీ తాగేది.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మిషన్ మొండికేసింది. పద్నాలుగు నిమిషాల్లో వేగాల్సిన గింజలు అరగంటైనా తెమలవు, ఫ్యాను మూలుగుతోంది, పొగ మెట్లెక్కి పైకి వచ్చి అలారం కూసింది. ఆ రోజు ఆ అమ్మాయి లైబ్రరీకి పోలేదు, షిఫ్టూ లేదు, గదిలోనే ఉంది. కాఫీ షాపులో పని తనకు. వెనక గదిలో వాళ్ళే గింజలు వేయిస్తారట. గుమ్మంలో నిలబడి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, “ప్లగ్ తీయుండ్రి అంకుల్. చల్లగైనంక విప్పుదాం. మా షాపుల గివన్నీ కడిగి మూసే క్లోజింగ్ డ్యూటీ నాదే” అంది.

నేను ఒక మరమేకు విప్పి జేబులో వేసుకోబోతే చేయి పట్టుకుని ఆపింది. పైకి వెళ్ళి మా ఆవిడ ఇడ్లీ రేకు అడిగి తెచ్చి, ఏ భాగం మరలు ఆ భాగానికి, ఒక్కో గుంటలో వరుసగా పెట్టింది. “ఇక రేపు ఇడ్లీలు మరలతోటే తినండి” అంది మా ఆవిడ మెట్ల మీద నుంచి. వేగేటప్పుడు గింజల నుంచి రాలే పొట్టు పట్టే డబ్బా ఖాళీ చేసి, మూలమూలకూ వాక్యూమ్ పెట్టాం. డ్రమ్ములో నీళ్ళు పోయబోతే వద్దని, పొడి బ్రష్షుతోనే దులపమంది. ఫ్యాను రెక్కల మీద తారు వేలెడు మందం. తను షాపు నుంచి తెచ్చిన మిషన్లు కడిగే పొడి వేడినీళ్ళలో కలిపి నానబెడితే, ఆ నీళ్ళు మా ఇంట్లో ఎప్పుడూ దిగనంత చిక్కటి డికాషన్ అయ్యాయి. మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.

తర్వాత ఆ అమ్మాయి గోడ దగ్గర నా వెండిరంగు టేపు విప్పి, డ్రయర్ గొట్టం లాగింది. లోపల కాఫీ పొట్టు, బట్టల నూగు కలిసి పరుపులో దూదిలా గట్టిపడి, మూరెడు పొడవున బిగుసుకుని ఉన్నాయి. చేయి పెట్టి లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

“గిది అంటుకుంటే ఇల్లే పోతుండె అంకుల్” అంది మెల్లగా.

నేను ఇంకో లెక్కలో ఉన్నాను. గొట్టం ఇంతగా మూసుకుంటే ఇన్ని ఆదివారాల పొగ ఎటు పోయినట్టు? అతుకుల్లోంచి వెనక్కి. వెనక్కి అంటే ఈ అమ్మాయి తలుపు.

“నీకు ముందే తెలుసా అమ్మా?”

“వాసనకే తెల్సింది. అక్టోబర్‌లనే.”

“మరి చెప్పలేదేం?”

బ్రష్షు దులుపుతూ తల ఎత్తలేదు. “జెప్తే మిషన్ తీస్తరో, నన్ను తీస్తరో తెల్వలే అంకుల్.”

ఆ మాటతోపాటే దగ్గు వచ్చింది. జేబులోంచి ఆయాసానికి పీల్చే నీలంరంగు పఫర్ తీసి, అటు తిరిగి, రెండుసార్లు పీల్చింది. డిసెంబరులో కాలేజీ డాక్టరు రాసిచ్చాడట. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఆయాసమన్నదే లేదట.

కొట్టులో పెరిగినవాణ్ణి, నాకు తెలిసి ఉండాల్సింది. బేరమాడనివాళ్ళు రెండు రకాలు: డబ్బు లెక్కలేనివాళ్ళు, పోవడానికి ఇంకో కొట్టు లేనివాళ్ళు. మా నాన్న ఆ రెండో రకాన్ని గుమ్మంలోనే గుర్తుపట్టి, అడగకుండానే తూకంలో కాస్త మొగ్గు వేసేవాడు. నేను ఆయన దగ్గర బేరం నేర్చుకున్నాను, మొగ్గు నేర్చుకోలేదు.

రెండు నెలల అద్దె వద్దన్నాను. ఆ పూట ఆ అమ్మాయి మొదటిసారి నాతో బేరమాడింది. “రెంట్ మొత్తం ఇస్త. మిషన్ గ్యారేజీల పెట్టుకోండ్రి. కిటికీ నా ఇష్టమొచ్చినప్పుడు తీస్త, హీటింగ్ అనొద్దు.” మూడు షరతులు, వేళ్ళు మడిచి చెప్పింది. కనీసం నేను కలిపిన యాభై అయినా తీసేయనివ్వమని బతిమాలుకుంటే, అప్పుడు ఒప్పుకుంది. నా జీవితంలో అంత ఇష్టంగా ఓడిపోయిన బేరం ఇంకోటి లేదు.

చదువయ్యాక ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. పండగలకు ఫోన్ చేస్తుంది. దగ్గు తగ్గిందా అని అడుగుతాను. చలి ఎక్కువైనప్పుడు వస్తుందంటుంది.

ఇక లెక్క. గ్యారేజీ గోడకు కన్నం, ఈసారి నాలుగు వందలు, బేరమాడలేదు. బేరింగు, గ్రీజు, పొడి, బ్రష్షులు తొంభై. డ్రయర్‌కు కొత్త గొట్టం అరవై. నా తెలివితో మిగిలిందనుకున్నది ఐదు వందల తొమ్మిది. పోయింది ఐదు వందల యాభై. నలభై ఒక్క డాలర్ల నష్టం, చెప్పుకోదగ్గది కాదు. కాని అక్టోబరు నుంచి మార్చి దాకా ఆదివారాలు ఇరవై నాలుగు. అవి ఆ అమ్మాయివి, ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చినవి. అడగకుండా వాడుకున్నది నేను, వాటిని తిరిగి కొనిచ్చే చోటు మాత్రం ఇప్పటిదాకా నాకు దొరకలేదు.