మూడో గేరు

నాచారంలో కరెంటు మోటార్లు బాగుచేసే సిద్దయ్య దేన్నీ ఒక్క చూపుతో నమ్మడు. పాల ప్యాకెట్ మీది తేదీని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చదువుతాడు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తాడు. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగుతాడు. పద్నాలుగేళ్లుగా అతనికి ఒకటే చిన్న బండి. ఈమధ్య ఎత్తు వచ్చినచోటల్లా భార్య పూర్ణిమ దిగి నడవాల్సి వస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకే ఆ బండి ఇచ్చేసి పెద్దది తీసుకుందామని, ఇద్దరూ ఉప్పల్‌లో పాత బండ్లు అమ్మే దయాకర్ దగ్గరికి వెళ్లారు.

సిద్దయ్య పెద్ద బండి ముందు గొంతుకూర్చున్నాడు. టైర్లను గోటితో గీకాడు, సైలెన్సర్‌లో వేలు పెట్టి మసి వాసన చూశాడు, ఇంజన్‌కి చెవి ఒగ్గాడు. గంటసేపు వెతికినా ఏ లోపమూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. "ఇంత మంచి బండి ఎందుకమ్మిన్రు? ఏందో దాస్తున్నవ్," అన్నాడు. దయాకర్‌కు విసుగొచ్చింది. "మరి నువ్వెందుకు ఇస్తున్నవ్ కాకా నీ బండి? దాంట్ల ఏం లేదా?" "ఏం లేదు," అన్నాడు సిద్దయ్య టక్కున. పూర్ణిమ అతని వంక చూసింది. అతను తల దించుకుని గొణిగాడు: "మూడో గేరు జారుతది. ఎత్తెక్కదు." దయాకర్ మెత్తబడ్డాడు. "దీన్ని గూడ ఒకసారి కిందేసిన్రు కాకా. ముంగటి చక్రం పట్టుకునే ఫోర్కు మార్పిచ్చినం." సిద్దయ్య ముఖం తేటపడింది. "గది ముందుగాల్నే జెప్పద్దా!" అంటూ లేచి, సంతకానికి పెన్ను అడిగాడు. కాగితం మాత్రం రెండుసార్లు చదివాడు.