మట్టికప్పు రంగు

సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు ఎదురుగా టీ అమ్మే దాదా (బెంగాలీలో అన్నను అలా పిలుస్తారు) మొన్న సోమవారం నాకు కాగితం కప్పులో టీ పోశాడు. నా ముందు నిలబడిన కుర్రాడికి మట్టికప్పు, నా వెనక నిలబడిన అమ్మాయికి మట్టికప్పు, మధ్యలో నాకు మాత్రం కాగితం. ఎండనకా వాననకా ఏళ్ల తరబడి అతని దగ్గరే టీ తాగుతున్న మనిషిని. ఇదేమిటని అడిగితే "భాఁడ్ శేష్, దాదా" అన్నాడు. భాఁడ్ అంటే ఇక్కడి చిన్న మట్టికప్పు. అవి అయిపోయాయట. అయిపోతే నా వెనక ఉన్న అమ్మాయికి ఎక్కణ్ణించి వచ్చిందని నేను నిలదీస్తుండగా, రోడ్డు మీద ఎవడో కుర్రాడి మోటార్‌సైకిల్ ఢబ్ ఢబ్‌మని పేలుతూ పోయింది. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ పీకేసి బజారులో దొరికే గొట్టం తగిలించి, ఆ తరవాత చేయవలసిన పని చేయకుండా వదిలేస్తే వచ్చే చప్పుడు అది. టీ దాదా ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, బల్ల కింద నుంచి ఒక మట్టికప్పు తీసి నా చేతిలో పెట్టాడు. మట్టికప్పు, ఆ పేలుళ్లు, ఈ రెండూ కలిస్తే నాకు మా వదిన తప్ప ఇంకెవరూ గుర్తుకు రారు.

వదిన మా అన్నయ్య భార్య. మెటియాబ్రుజ్‌లో మాలాగే వలస వచ్చిన తెలుగువాళ్లింట్లో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న అక్కడ రేవు దగ్గర లాంచీల ఇంజన్లూ మోటార్‌సైకిళ్లూ బాగుచేసే షెడ్డు నడిపేవాడు. చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో కుట్టుమిషన్ల చప్పుడు, ఆ షెడ్డులో ఇంజన్ల చప్పుడు. వదిన కుట్టు నేర్చుకోలేదు. పెళ్లయి షాలిమార్‌లో మా రైల్వే క్వార్టర్‌కు వచ్చిన వారంలోనే, నేను గుడిలో (చర్చిని మేం గుడే అంటాం) పాడింది విని, "మరిదిగారూ, మీరు క్వయర్‌లో నోరు కదపండి సాలు, పాట మేం సూసుకుంతాం" అంది. అందరి ముందూ అంది. మామూలుగా నన్ను బాబూ అనేది, నువ్వనేది. వెక్కిరించాలనుకున్నప్పుడే మరిదిగారూ అనేది. ఆ ఏడాది వానల్లో ఇంట్లో పులస వండితే (దాన్ని ఇక్కడ ఇలిష్ అంటారు) అన్నయ్యకు పొట్ట ముక్క, నాకు తోక ముక్క వేసింది. తోకలో ముళ్లెక్కువని ఆవిడకు తెలియదంటే నేను నమ్మను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ గుర్తున్నాయి. అయినా ఆవిడ గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే వాళ్లతో నాకు మాటలుండవు. ఎందుకో చెబుతాను.

మా నాన్న షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసి పోయాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన వస్తువుల్లో మా అమ్మ కళ్లు తుడుచుకోకుండా చూడగలిగింది ఆయన మోటార్‌సైకిల్ ఒక్కటే. ప్రతి ఆదివారం ఆ బండి వెనక సీటు మీద పక్కకు కూర్చుని, ఒళ్లో బైబిల్ పెట్టుకుని, అమ్మ గుడికి వెళ్లేది. నాన్న తరవాత అలాగే నా వెనక కూర్చుంది. మా వీధిలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఒక వర్షాకాలం ఆ నీళ్లు తాగి తాగి సైలెన్సర్ తుప్పు పట్టి జల్లెడయింది. ఆ బండి తయారుచేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది, అసలుది దొరకలేదు. బళ్ల విడిభాగాలు అమ్మే మల్లిక్ బజార్ అంతా తిరిగి, నల్లగా పొట్టిగా ఉన్న వేరే గొట్టమొకటి తెచ్చి వేయించాను. మోత తగ్గడానికి లోపల జాలీ కూడా పెట్టించాను, ఎవరూ నన్ను అనడానికి లేకుండా. అయినా అనవలసిన వాళ్లు అన్నారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా బండి తుపాకీలా పేలడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం అమ్మను గుడి మెట్ల దగ్గర దింపి బండి పక్కకు తీస్తుంటే, లోపల పాస్టరుగారి ప్రార్థన మధ్యలో ఢామ్మంది. ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన దిగ్గున లేచి "ఆమెన్" అన్నాడట. గుడంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చాక అంది: "మీ నాన్న ఎనక కూకోని ఇన్నేళ్లు గుడికెల్లాను. ఒక్కనాడు తలొంచుకోనేదు. మట్టలాదివారం నాటికి ఈ పేలుడు ఆగకపోతే, ఈ బండి ఇంట్లో ఉండడానికి ఈల్లేదు. ఎవుడికైనా ఇచ్చీ." ఈస్టర్‌కు ముందొచ్చే మట్టలాదివారం ఎంతో దూరం లేదు. ఆవిడ అన్నదంటే చేస్తుంది. కొంటానని వెంటపడుతున్న మనిషి కూడా ఉన్నాడు.

వీధి చివర బళ్లు బాగుచేసే మిస్త్రీకి చూపించాను. పాత గొట్టం పెట్టుకోమన్నాడు. అదే ఉంటే వాడి దగ్గరకెందుకు వెళతాను? వదినను అడగాలని నాకూ తోచకపోలేదు. కాని క్వయర్ మాట, తోక ముక్క అడ్డొచ్చాయి. ఆవిడే వరండాలోకి వచ్చింది.

"ఏటి మరిదిగారూ, బండికి దగ్గొచ్చిందా?"

"మిస్త్రీ చూస్తున్నాడులే వదినా."

"మిస్త్రీ ఏటి సూసాడు? ప్లగ్గు ఇప్పాడా?"

విప్పలేదు. వదిన విప్పింది. ప్లగ్గు కొనన ఉండే పింగాణీ సుద్దముక్కలా తెల్లగా ఉంది. "సూడు. ఇంజనుకి ఊపిరాడే దారి పెద్దది సేసీసావు. పెట్రోలు మాత్రం పాత కొలతే తాగమంతన్నావు. సాలక ఎండిపోతంది. గొట్టం మార్చినోడు కార్బురేటర్ కూడా మార్చుకోవాలి బాబూ. నీ మిస్త్రీ ఆ మాట సెప్పనేదా?"

అన్నయ్య గూడ్స్ గార్డు, ఆ వారం డ్యూటీ మీద ఎక్కడో ఉన్నాడు. వదిన వంట ముగించి, పాత గుడ్డ పరిచి, కార్బురేటర్ ఊడదీసి కూర్చుంది. పిడికిలంత వస్తువది. లోపల జెట్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాని బెజ్జం గుండానే పెట్రోలు రావాలి. అది తీసి, కొంచెం పెద్ద బెజ్జం ఉన్నది వేసింది. పెట్రోలు ఇంకాస్త వచ్చేలా దాని మీద ఆడే సూదిని ఒక గాటు పైకి లేపింది. బిగించి ఇంజన్ వేసి, పక్కనున్న స్క్రూను మెల్లగా తిప్పుతూ, తల ఓరగా వంచి వింది. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసేటప్పుడు కూడా ఆవిడ ముఖం అలాగే ఉండేది. ఆ స్క్రూ తిరుగుతున్న కొద్దీ ఇంజన్ గొంతులో గరగర పోయి సాపుగా రావడం నేను నా చెవులతో విన్నాను. మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోలేదు.

అసలు పరీక్ష రోడ్డు మీద. బండిని నిండా వేగంతో పోనిచ్చి, ఉన్నపళంగా ఇంజన్ ఆపేసి, క్లచ్ పట్టుకుని దొర్లించుకుంటూ ఆగి, ప్లగ్గు విప్పి రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, నల్లగా ఉంటే ఎక్కువైనట్టు. సరిగ్గా ఉన్నదాని రంగు ఏదంటే, వాళ్ల నాన్న లెక్కలో, మట్టికప్పు రంగు. ఆయన షెడ్డులో ఒక మట్టికప్పు ఎప్పుడూ ఉండేదట, టీ తాగడానికి కాదు, ప్లగ్గు పక్కన పెట్టి చూడడానికి. ఆయన పోయాక ఆ కప్పు వదిన పనిముట్ల పెట్టెలోకి వచ్చింది. ఆ రోజు బయలుదేరే ముందు పెట్టె తీస్తే కప్పు లేదు.

"అత్తా, నా కప్పేదీ?"

"ఆ మురికి కప్పా? ఇల్లు దులుపుతూ పారీసాను. ఎవులో తాగీసిన కప్పు పెట్టెలో దాసుకుంతారేటి?" అంది అమ్మ వంటింట్లోంచి.

వదిన పెట్టె మూత వేసింది. వాళ్ల నాన్న చేతి వస్తువు. ఆ రోజే కాదు, తరవాత కూడా ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనైతే ఇప్పటికీ ఎత్తుతూనే ఉండేవాణ్ణి.

యార్డు గోడ వెంబడి పొడుగ్గా ఉండే రోడ్డు మీద పరీక్ష మొదలుపెట్టాం. నేను నడపడం, ఆగడం, వదిన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనకే నడిచి రావడం. లారీ డ్రైవర్లు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి. మధ్యలో అక్కడి బడ్డీలో నేను టీ తాగి కప్పు పారేయబోతే, వదిన అందుకుంది. "ఇలగియ్యి. ఇదే పెట్టుకుని సూద్దాం." ప్లగ్గు ఆ కప్పు కంటే లేతగా ఉంది. ఇంకొంచెం పెద్ద జెట్ వేసింది. ఇంకా లేతగానే ఉంది. సూదిని మరో గాటు లేపింది. చివరికి రెండు రంగులూ కలిశాయి. పేలుళ్లు పూర్తిగా పోయాయి. "అయిపోనాది. ఎల్లి అత్తని ఎక్కించుకో" అంది.

మట్టలాదివారం ఉదయం అమ్మను ఎక్కించుకున్నాను. గుడి వీధి మలుపు దాకా బండి బాగానే పోయింది. గేటు దగ్గర, అందరూ మట్టలు పట్టుకుని వరసగా నిలబడ్డ చోట, ఉక్కిరిబిక్కిరై నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. కిక్కు కొట్టిన కొద్దీ పెట్రోలు వాసన. అమ్మ తెల్లచీర అంచు మీద మసి. వదిన వరసలోంచి బయటికి వచ్చి, పొగ చూసి, అందరికీ వినపడేలా అంది: "బండికేటీ అవనేదు. పొద్దున్న సోక్ లాగీసి ఒదిలీసుంతాడు. ఎప్పుడూ అంతే. సేతులో పని, బుర్ర ఇంకెక్కడో." పొద్దున్నే ఇంజన్ లేవడానికి పెట్రోలు ఎక్కువ పోనిచ్చే ఆ చోక్ మీటను లాగి ఉంచేసినా అదే పొగ, అదే వాసన, కాబట్టి అందరూ నమ్మారు. నేను చోక్ మూశాను. మూశానని చెప్పాను. ఎవరూ వినలేదు. అమ్మ నా వైపు కూడా చూడకుండా నడిచి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రమే బండి కొనే మనిషిని ఈస్టర్ మర్నాడు రమ్మని కబురు పంపింది. నేను వదినతో మాట్లాడడం మానేశాను. అన్నం ఆవిడే పెట్టింది, నేను తిన్నాను, మాట మాత్రం లేదు. మంచి శుక్రవారం ఆరాధనలో క్షమాపణ గురించి పాస్టరుగారు చాలాసేపు చెప్పారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఈస్టర్ ఆరాధనలో, పాటలయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు ముందుకు రావచ్చన్నారు. మా గుడిలో ఇది ఎప్పుడూ ఉన్నదే. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. వదిన లేచింది. చేతిలో రుమాలు, రుమాల్లో ఏదో మూట. ముందుకు వెళ్లి విప్పింది. ఒక మట్టికప్పు, నా బండి ప్లగ్గు.

"దేవునికి స్తోత్రం. పోయినాదోరం ఈ గేటు కాడ మా మరిది సోక్ మర్సిపోయాడని మీ అందరి ముందూ అన్నాను. ఆడు మర్సిపోనేదు. తప్పు నాది. ఆడు అప్పుడే టీ తాగీసిన కప్పు, తడిగా ఉన్నాది, అది పట్టుకుని నాను రంగు సూసాను. ఆ కప్పు ఇంటికి తెచ్చీసాను, మా అరుగు మీద ఉండిపోనాది. నిన్న సూత్తే ఎండకి ఆరి తెల్లబడిపోనాది. తడిసిన మట్టి నల్లగుంతాదని మా నాన్న సిన్నప్పుడే సెప్పాడు. నాకే గేనం నేదు. పెట్రోలు ఎక్కువ పెట్టీసింది నాను, మాటలు పడ్డది ఆడు."

జెట్లూ సూదులూ ఎవరికీ తెలియవు, కాని తడి మట్టికప్పు తెలియనివాళ్లు మా వాళ్లలో ఎవరుంటారు? పాస్టరుగారు కప్పులోకి తొంగి చూసి "ఆమెన్" అన్నారు. వదిన వెనక్కి రాబోయి ఆగింది. "ఇంకొక్క మాట. ఆ రోజు మర్సిపోనేదు గానీ, మిగతా రోజుల్లో మర్సిపోతాడు." గుడంతా పకపకా నవ్వింది. ఆ ఒక్క వాక్యం అవసరం లేదని నేను ఇప్పటికీ అంటాను.

ఆవిడ ఆ మాట చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నేను పడుకున్నాక చిన్న జెట్ వేసేసి, "సూసావా, సోక్ మూస్తే బాగానే ఉన్నాది" అని ఉంటే నేను కూడా నమ్మి ఉండేవాణ్ణేమో. నన్ను అవమానించినవాళ్లు నా జీవితంలో చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరు చాటుగా వచ్చి ఏదో గొణిగి పోయారు కూడా. అన్న చోటికే వచ్చి, విన్నవాళ్లందరి ముందూ, అన్నప్పటి గొంతుతోనే మాట వెనక్కి తీసుకున్న మనిషిని ఒక్కరినే చూశాను.

ఆరాధన కాగానే నన్ను ఇంటికి పంపి బండినీ పనిముట్ల పెట్టెనూ తెప్పించి, ఈస్టర్ తెల్లచీర కొంగు నడుముకు దోపి, గుడి ఆవరణలోనే కార్బురేటర్ విప్పింది. బైబిల్ పట్టుకోమని పాస్టరుగారి చేతికిచ్చింది. చిన్న జెట్, సూది ఒక గాటు కిందికి. నేను వీధి చివరిదాకా పోనిచ్చి, ఆపి, తోసుకొచ్చాను. ప్లగ్గునూ ఆరిన కప్పునూ వదిన అమ్మ అరచేతిలో పక్కపక్కన పెట్టింది. అమ్మ చాలాసేపు చూసింది. ఏం అర్థమయిందో తెలియదు. రెండూ తిరిగి ఇచ్చేసి, చీర సర్దుకుని, వెళ్లి బండి వెనక సీటు మీద పక్కకు కూర్చుంది.

"ఏటలా నిలబడిపోనావు? పద. రేపొస్తానన్నోడికి రావద్దని సెప్పాల."

అమ్మ పోయి చాలా కాలమయింది. ఆదివారాలు ఆ సీటు మీద ఇప్పుడు వదిన కూర్చుంటోంది, మోకాళ్ల నొప్పుల వల్ల కాస్త కష్టంగా. బండి ఎక్కడైనా తడబడితే వేలితో నా వీపు పొడుస్తుంది. పొడవడం అనవసరమని చాలాసార్లు చెప్పాను. మొన్న ఆ టీ కప్పును నేను పారేయలేదు. తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. మర్నాడు సాయంత్రానికి ఆరి, ఆ రంగుకు వచ్చేసింది. మట్టికి ఒక్క పూట ఎండ చాలు, నా ఉక్రోషాల తడి మాత్రం ఇన్నేళ్లకు అంచుల దగ్గర ఆరుతూ వస్తోంది.