డొల్లగా పలికిన చోటు

పొద్దుటి నుంచి మేస్త్రీ ఇనుప కమ్మీతో మా పైకప్పు తడుతున్నాడు. ఊరిగాంలో మా అత్తవారి పాతకాలపు ఇల్లు ఇది. మొన్నటి వానలకు గచ్చు ఉబ్బి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. ఖంగ్, ఖంగ్ అని పలుకుతూ వచ్చిన కప్పు ఒకచోట దబ్ మంది. "ఈడ డొల్ల ఉండాది సార్," అన్నాడు నిచ్చెన మీది నుంచే. ఆ రెండు చప్పుళ్లకు తేడా నాకు మొదట చెప్పిన మనిషి ఎస్తేరక్క. ఆమెను తలుచుకునే అర్హత నాకు లేదు. అయినా తలుచుకుంటాను, ఎవరొచ్చి ఆపుతారు!

ఎస్తేరక్క నా మొదటి ఉద్యోగంలో నా పైఅధికారి. బంగారు గనులు మూతపడ్డాక ఈ ఊరి జనం చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి వచ్చే బతుకులో పడ్డారు. ఆమె ఊరిగాంలో ఎక్కేది, నేను బంగారుపేటలో ఎక్కేవాణ్ని. రాగులు పండించే ఇంటి నుంచి మొదటిసారి ఆఫీసు మెట్లెక్కినవాణ్ని, నాకేం తెలుసు? తన పక్క సీటు మీద టిఫిన్ సంచి పెట్టి, ఎవరెంత గొణిగినా కదలకుండా, నేను రాగానే సంచి ఒళ్లోకి తీసుకుని "రాప్పా శీనా, కూర్చో" అనేది. దాదాపు రెండేళ్లు ఆ సీటు నాదే.

మా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఒక ప్రోగ్రాము ఫైళ్లను సరిగ్గా దాస్తోందా, తిరిగి తీస్తోందా అని చూసే టెస్టులు రాసేవాళ్లం. నిజమైన డిస్కు మీద నడిపితే అవి గంటలకొద్దీ సాగుతాయి. అందుకని మెమరీలోనే ఒక ఉత్తుత్తి డిస్కును సృష్టిస్తాం. ప్రోగ్రాము దాన్నే నిజమనుకుని ఫైళ్లు రాస్తుంది, చెరుపుతుంది. అంతా క్షణాల్లో అయిపోతుంది. మొదటి నెలలో అలాంటి డిస్కు ఒకటి నేనే తయారుచేసి, తెరంతా పచ్చటి టిక్కులతో నింపి, గర్వంగా ఆమెను పిలిచాను.

ఆమె చూసి మెచ్చుకోలేదు. "నీ డిస్కు ఎప్పుడైనా కాదంటాదా?" అంది.

"కాదనడమేమిటక్కా?"

"నిజం డిస్కు నిండిపోతాది. నడిమధ్యలో ఆగిపోతాది. నీది దేనికైనా సరే సరే అంటా ఉంటే, దాన్నడిగి ఏం లాభమప్పా? ముందు దానికి కాదనేది నేర్పు."

ఆ సాయంత్రం రైల్లో వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయన గనిలో పనిచేసినవాడు. లోపలికి దిగాక పని మొదలుపెట్టే ముందు కమ్మీతో పైనున్న రాయిని తట్టేవాడట. ఖంగుమంటే పని, డొల్లగా పలికితే వెనక్కి. "నిన్న తట్టినామే అంటే మా నాయన ఒప్పుకొనేవాడు కాదు. నిన్నటి రాయి నిన్నటిది, ఈ పొద్దు రాయి ఈ పొద్దుది అనేవాడు." ఆ మాట చెప్పి, కిటికీ బయట లేస్తున్న దుమ్ము లోపలికి రాకుండా అద్దం దించింది.

నేను నేర్చుకున్నాను. నా ఉత్తుత్తి డిస్కుకు 'చోటు లేదు' అని చెప్పడం నేర్పాను. నేర్పిన రోజే ఒక ఆసుపత్రి కోసం చేస్తున్న ప్రోగ్రాము దొరికిపోయింది. అది రోగి రిపోర్టును మార్చేటప్పుడు ముందు పాతది చెరిపేసి, తర్వాత కొత్తది రాస్తోంది. డిస్కు నిండిందంటే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. టెస్టు ఎర్రగా మారింది. ఎస్తేరక్క నా వీపు తట్టి, తన టిఫిన్‌లోని పులిహోర సగం నా డబ్బాలో వేసింది. అంతకన్నా పెద్ద బహుమానం నాకింతవరకు రాలేదు.

మా మేనేజరుకు మాత్రం ఎరుపంటే గిట్టదు. ప్రోగ్రాము బాగుచేయాలంటే రెండు వారాలు పడుతుంది, ఆసుపత్రికేమో శుక్రవారం ఇస్తామని మాటిచ్చాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ శుక్రవారం గుడ్ ఫ్రైడే. సెలవు మీద పోతూ ఆమె తన పాస్‌వర్డ్ నా చేతికిచ్చింది. "ఏమన్నా అవసరం పడితే నా మిషన్లో చూసుకో. నేను చర్చిలో ఉంటా, ఫోను తీసేది లేదు."

శుక్రవారం మేనేజరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆ ఒక్క టెస్టు ఆపెయ్ శీనివాసులూ. ఆసుపత్రిలో డిస్కెందుకు నిండుతుంది? వచ్చే నెల నీ ఉద్యోగం పర్మనెంటు సంగతి చూస్తా." ప్రోగ్రాము విడుదల చేసే హక్కు ఉన్నది ఎస్తేరక్క మిషన్‌కే. అందులోంచే ఆపాను. ఒక్క వరుస కోడు. తెరంతా పచ్చబడింది. పాడు పచ్చ!

మూడు నెలలకు ఆ ఆసుపత్రి డిస్కు నిండింది. రోగుల రిపోర్టులు కొన్ని ఇక దొరకనే లేదు. కొందరికి పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి వచ్చిందట. మీటింగు పెట్టారు. టెస్టు ఆపిన వరుస పక్కన ఎస్తేరక్క పేరు, తేదీ కనిపిస్తున్నాయి. ఆమె తేదీ చూసింది, గుడ్ ఫ్రైడే. తర్వాత ఒక్కసారి నా వైపు చూసింది. ఆపమన్న మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"నా పేరే ఉండాది కదా సార్," అంది. "ఇంగ అడిగేదేముండాది?"

నా నోరు పెగల్లేదు అని రాస్తే అదీ అబద్ధమే. నేను పెగలనివ్వలేదు. ఆమె ఉద్యోగం ఆ రోజే పోయింది.

సాయంత్రం రైల్లో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది, సంచి లేదు. నేను ఎదురుగా కూర్చున్నాను. సగం దారి దాటాక "అక్కా, నేను..." అన్నాను.

"వద్దప్పా. నిన్ను కాపాడాలని అట్లా అనలేదు నేను. పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. డిస్కును తట్టు, డిస్కును తట్టు అని నీకు చెప్తా ఉన్నానే గాని, నిన్ను తట్టి చూడలేదు. తప్పు నాదే." గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. రైలు నెమ్మదించాక తనే అంది: "బంగారుపేట వచ్చినాది. దిగు."

ఆ మచ్చతో ఆమెకు మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. ఊరిగాం పక్కన రాబర్ట్‌సన్‌పేటలో జిరాక్సు అంగడి పెట్టుకుంది. నాకు ఉద్యోగం పర్మనెంటయింది. అటు పోయినప్పుడు ఆ వీధిలోకి పోకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ని. ఒకసారి బజారులో ఎదురుపడితే "బాగుండావా అప్పా?" అంది. బాగున్నానక్కా అన్నాను, సిగ్గులేకుండా. ఆమె పోయిందని తెలిసిన రోజు చర్చిలో చివరి వరుసలో కూర్చుని, ఎవరూ పలకరించకముందే లేచి వచ్చేశాను.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏ ఉత్తుత్తి డిస్కు తయారుచేసినా దాని మొదటి టెస్టు 'చోటు లేదు' అనే ఉండాలి. పిల్లలు దాన్ని 'శీనివాసులు సార్ రూలు' అంటారు. అది నాది కాదని ఇంతవరకు చెప్పలేదు. మొన్న ఒకమ్మాయి లీవు మీద పోతూ, పాస్‌వర్డ్ రాసిన చీటీ నాకివ్వబోయింది. "మీ మీద నమ్మకం సార్" అంది. "నాకివ్వొద్దమ్మా" అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు.

"సార్, దీన్ని కొట్టేయాల్నా, పైపైన మెత్తేద్దామా?" మేస్త్రీ నిచ్చెన మీది నుంచి అడుగుతున్నాడు.

"కొట్టెయ్యప్పా," అన్నాను. కొట్టేశాడు. ఇల్లంతా దుమ్ము. ఆ దుమ్ములోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ గుడ్ ఫ్రైడే నాడు ఎస్తేరక్క చర్చిలో ఉంది. ఆ టెస్టు ఆపింది నేను.