కుండల కింద గది

మా వియ్యపురాలు మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీదంతా ఆవిడతో నేను పట్టిన పంతం గురించే. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. రేపల్లెలో, అత్తవారింట, మా అమ్మాయికి సీమంతం చేశారు. గాజులు తొడగడం అయ్యాక, పేరంటాళ్ళంతా వింటూ ఉండగా ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. పురుడు సరిగ్గా రోహిణి కార్తెలో వస్తుంది. మీ తెనాలి ఇంట్లో ఎండాకాలం పెద్దవాళ్ళమే ఉండలేం, పసిగుడ్డు ఏముంటుంది? మా మేడమీద గదిలో ఏసీ పెట్టించాం. కాన్పు ఇక్కడే కానిద్దామండి."

ఏమీ అనుకోకండి అన్నారంటే, అనుకోవలసింది అందులో ఉందనే అర్థం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. కానీ నాకు పట్టింది ఆచారం కాదు. పెళ్ళయ్యాక నా కూతురు నా దగ్గర నాలుగు రోజులు నిలిచింది లేదు. బిడ్డ పుట్టి, సంసారం ముదిరాక ఆ నాలుగు రోజులూ ఉండవు. బాలింతగా ఉండే ఆ మూడు నెలలే ఇక నాకు దక్కేది. గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని అది నావైపు చూసిన చూపులోనూ అదే కనబడింది.

"అమ్మాయి మా ఇంటికే వస్తుందండి," అన్నాను. "పురిటిస్నానం నాటికి మీరొచ్చి చూడండి. గది చల్లగా లేకపోతే తల్లీబిడ్డల్ని అప్పటికప్పుడే కారెక్కించుకుని తీసుకెళ్ళండి. నేను అడ్డం రాను."

తిరుగు రైలు వేమూరు దాటింది. మా ఆయన నెమ్మదిగా, "మనమూ ఏసీ కొందామా?" అన్నారు.

"దానికి కరెంటు ఎవరిస్తారండీ?" అన్నాను. వేసవి వచ్చిందంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నమే కోత పెట్టేవారు. కరెంటు లేనప్పుడు ఏసీ అంటే గోడలో ఇరికించిన ఇనప్పెట్టె. రేపల్లెలో వాళ్ళదీ అంతే. ఆ సంగతి పేరంటాళ్ళ ముందు అనలేదు, అదీ నా మంచితనమే.

మా ఇల్లు మామగారు కట్టించిన పాత డాబా. కట్టినప్పుడు హాయిగానే ఉండేదట. తర్వాత మేమే తెలివి ఎక్కువై పాడుచేసుకున్నాం. దోమలొస్తున్నాయని గోడల పైభాగాన ఉన్న వెంటిలేటర్లకు ఇటుకలు పెట్టి సిమెంటు పూశాం. వాస్తు చూసే ఆయనెవరో చెప్పారని నడిమి గదిలో దక్షిణపు కిటికీ మూసేశాం. గాలి వచ్చే దారీ లేదు, వేడి పోయే దారీ లేదు. పైన ఫ్యాను తిరిగితే స్లాబులో వేడంతా నెత్తిన దిగేది. బాపట్ల బడిలో పిల్లలకు ఏటేటా నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి, వేడి గాలి పైకి లేస్తుందని పాఠం చెప్పే పంతులమ్మను మళ్ళీ నేనే. మా ఆయన ఆ మాట ఎత్తి నన్ను ఒక్కసారైనా దెప్పలేదు. బ్యాంకులో పనిచేసిన మనిషికి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుస్తుంది.

మేస్త్రీని పిలిపించి, ముందు దక్షిణపు కిటికీ తెరవమన్నాను. అప్పుడు మాత్రం మా ఆయన అడ్డం వచ్చారు.

"ఇంట్లో పురుడు పెట్టుకుని దక్షిణం తెరుస్తావా?"

అందులో వేళాకోళం లేదు. కూతురి కాన్పు గురించి కన్నతండ్రికి ఉండే భయం అది. అందుకే నేనూ గొంతు తగ్గించి చెప్పాను. "దక్షిణాన యముడుంటే ఉన్నాడు లెండి. సూర్యలంక కూడా అటే ఉంది. సాయంత్రం బాపట్ల స్టేషన్లో రైలు కోసం నిలబడితే నా కొంగు చేతికి ఆగదు. ఆ సముద్రపు గాలి ఇంత దూరం వస్తుంటే మనం గోడ అడ్డం పెట్టుకుని కూర్చున్నామండీ."

మర్నాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, ఆ గోడకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గునపం తీసి మేస్త్రీ చేతికిచ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకోసం చేసిన పెద్ద పనుల్లో అదొకటి.

గోడ పగలగొడితే లోపల పాత టేకు చట్రం, ఊచలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పీకడం దండగని అప్పట్లో దానిమీదే ఇటుక పేర్చేశారు. రెక్కలు కొత్తవి బిగించాం. వెంటిలేటర్లన్నీ తెరిపించి దోమతెర కొట్టించాను. వెలుతురు రావడంతో వంటింట్లో పట్టపగలు వెలిగే బల్బు ఆర్పేశాం. పడమటి గోడకు తాళ్ళు కట్టి ఆనపపాదు పాకించాను. డాబామీద తెల్లగా సున్నం వేయించాను. ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నానికి ఇంటికి చేరి దగ్గరుండి చేయించేదాన్ని.

పని అయిన నాటి సాయంత్రం నడిమి గదిలో క్యాలెండరు కాగితాలు టపటపా కొట్టుకున్నాయి. మా ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎగిరిపోతున్న పేపరును మోకాలితో అదిమిపెట్టి చదువుకుంటున్నారు. ఇంట గెలిచాను, ఇక రేపల్లెలో రచ్చ గెలవడమే మిగిలిందనుకున్నాను. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

తొమ్మిదో నెల రాబోతుండగా మా అత్తగారు తన ట్రంకుపెట్టె తెరిచారు. ఎనభై దాటిన మనిషి, మా దగ్గరే ఉండేవారు. పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు చేశారు. వాము, శొంఠి డబ్బాలకెత్తారు. చెవుల్లో పెట్టడానికి దూది ఉండలు చుట్టారు. చుడుతూ చుడుతూ నన్నడిగారు.

"ఆ కిటికీలకి ఏం కడతావే?"

"కట్టడమేంటి అత్తయ్యా?"

"బాలింతకి గాలి తగలనిస్తావా ఏంటి? వెంటిలేటర్లకి కూడా గోనెపట్టాలు కొట్టించు."

నేను అక్కడే చతికిలబడ్డాను. సముద్రం నుంచి గాలిని ఇంట్లోకి పిలిచిందాన్ని, ఆ గది ఎవరికోసమో మరిచిపోయాను. ఈ రోజుల్లో డాక్టర్లు అలా చెప్పడం లేదని ఏదో గొణిగాను.

"డాక్టరు చెప్పకపోతే మీ వియ్యపురాలు చెబుతుంది," అన్నారు అత్తగారు.

నిజమే. ఈవిడ ఊరుకున్నా ఆవిడ ఊరుకోదు. ఇంకా నిజం చెప్పాలంటే నేనూ ఊరుకోను. సైన్సు బడిలో ఎంత చెప్పినా, నా కూతురు బాలింతగా ఎదురుగాలిలో పడుకుంటే చూస్తూ ఉండగల ధైర్యం నాకు లేదు. నా కాన్పుకు నా చెవుల్లోనూ దూది పెట్టారు, నేనూ పెట్టించుకున్నాను. "కొండను తవ్వి ఎలుకను పట్టావు," అన్నారు మా ఆయన. ఎలుక కూడా దొరకలేదని నాకు తెలుసు.

కోపమొస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. గాలి తగలకూడదు, గది వేడెక్కకూడదు. అయితే వేడిని లోపలికే రానివ్వకూడదు. అది దిగేది పైనుంచి, స్లాబులోంచి. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక పాత డాబామీద కుండలు బోర్లించి సున్నం వేశారని విన్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు బోధపడింది. బోర్లించిన కుండలో గాలి కదలదు. కదలని గాలి వేడిని కిందికి పోనివ్వదు. కిటికీలోంచి వచ్చే గాలి ఇల్లంతటికీ, కుండల్లో బంధించిన గాలి బాలింతకు.

బడినుంచి వస్తూ పొన్నూరులో దిగి, కుమ్మరివాళ్ళ దగ్గర సొట్టవీ వంకరవీ అన్నీ ఏరించి ఆటోలో వేయించాను. నీళ్ళు పోసుకునేవి కావు కదా, అందంతో పనేంటి? మేస్త్రీ చేత నడిమి గది పైన ఒకదాన్నొకటి ఆనుకునేలా బోర్లింపజేసి, సందుల్లో ఇటుకముక్కలూ ఇసుకా నింపించి, పైన సున్నం గచ్చు పోయించాను. పక్కింటావిడ తన డాబామీద వడియాలు పెడుతూ ఆగిపోయింది.

"ఏంటి పంతులమ్మగారూ, ఎవరింటికైనా దిష్టికి ఒక్క కుండే కడతారు. మీకు మరీ ఇంత తగిలిందా?"

"రేపల్లె నుంచి తగిలిందండి," అన్నాను.

మా అమ్మాయి వచ్చింది. ఊళ్ళోనే ఆసుపత్రిలో ఆడపిల్లను కని, కుండల కింద గదిలోకి చేరింది. చెవుల్లో దూది, మూసిన కిటికీలు, వాము పొగ, అన్నీ అత్తగారి మాట ప్రకారమే.

పురిటిస్నానం నాడు వియ్యపురాలు రేపల్లె నుంచి ఏసీ కారు మాట్లాడుకుని వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజు మా వీధిలో కుక్క కూడా బయటికి రాలేదు. భోజనాలయ్యాయో లేదో కరెంటు పోయింది. ఆవిడ సంచిలోంచి విసనకర్ర తీసింది. రేపల్లె నుంచే తెచ్చుకుంది. పట్టుచీరతోనే పురిటిగదిలోకి వెళ్ళి, ఉయ్యాల పక్కన చాపమీద కూర్చుంది.

మార్కుల కోసం నిలబడే పిల్లలా అక్కడ ఉండలేక నేను వంటింట్లోకి వచ్చేశాను. ఇన్నాళ్ళూ లేని భయం అప్పుడు పట్టుకుంది. మాటిచ్చాను, అదీ పదిమందిలో. ఆవిడ కాదంటే నా బిడ్డ సాయంత్రానికి కారెక్కుతుంది. చేసేదేమీ లేక, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

ఎంతసేపటికీ లోపలినుంచి మాట వినిపించకపోతే తలుపు ఓరగా తీసి చూశాను. మా అమ్మాయి మంచంమీద నిద్రలో ఉంది. మనవరాలి ముక్కుమీద చెమట చుక్క లేదు. వియ్యపురాలు గోడకు చేరగిలబడి, ఉయ్యాల తాడు పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. విసనకర్ర చాపమీద పడి ఉంది.

ఎండ వాలాక ఆవిడ కళ్ళు నులుముకుంటూ లేచింది. "కరెంటు ఎప్పుడొచ్చింది వదినగారూ?"

"ఇంకా రాలేదండి."

ఆవిడ తలెత్తి, కదలని ఫ్యానును కాసేపు చూసింది. కొంగు సర్దుకుని వీధిలోకి, కారు దగ్గరికి నడిచింది. మా అమ్మాయి లేచి కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం వీధివైపు చెవులు పెట్టాం.

"నువ్వు వెళ్ళిపో బాబూ," అంటోంది ఆవిడ డ్రైవరుతో. "వాళ్ళు మూడో నెలలో వస్తారు. నేనూ ఈ పూటకి ఇక్కడే పడుకుని, రేపు రైల్లో వస్తాను."