బోణీ వద్దన్న సేటు

మొన్న సోమవారం పొద్దుగాల మానుకోట నుంచి తోటి ఫొటోగ్రాఫర్ ఒకాయన ఫోన్ చేసి, జనగామల మన సేటు ఇగ లేడని చెప్పిండు. నిద్రల్నే పానం పోయిందట. కెమెరా సామాన్లు అమ్ముకునే మనిషి కోసం ఇంతమంది ఏడుస్తరా అని మీకనిపించొచ్చు. జనగామ నుంచి భూపాలపల్లి దాక పెండ్లిళ్లు తీసేటోళ్లల్ల ఆయన తిట్లు తినకుంట పని నేర్సినోళ్లు తక్కువ. ఆ తిట్లు తిన్నోళ్లల్ల నేనొకదాన్ని. ఈ మాట చెప్పుకునేటందుకు నాకు గర్వంగనే ఉన్నది.

ఆయన దుకాణంల ఒక రివాజు ఉండేది. ఫ్లాష్ కావాలంటె మన కెమెరా ఎంబడి తీస్కపోవాలె. కెమెరా కంపెనీది గాని బయటి కంపెనీ ఫ్లాష్‌ను దాని మీద ఎక్కించి, మన ముంగటనే కెమెరా మెనూ తెరిచేటోడు. బటన్ ఒత్తంగనే తళుక్కుమంటె సరిపోయిందని మనం సంబురపడ్తం. ఆయన మాత్రం మెనూల ఫ్లాష్ కంట్రోల్ కాడికి పోయి సూసేటోడు. అది తెరుచుకుంటె సరే. తెరుచుకోకుంటె "మెరుస్తది గానీ మాట్లాడది" అని పక్కకు పెట్టేటోడు. కెమెరా చెప్పింది ఫ్లాష్‌కు ఇనవడకుంటె, అది ఎంత వెలుగు ఇడుస్తదో దానికే ఎరుక.

మనిషికి కోపం జర ఎక్కువ. కెమెరా మీద దుమ్ము కనవడితె, కన్నపిల్లకు తానం పోయనట్టు తిట్టేటోడు. తిట్టుకుంటనే తుడిచి ఇచ్చేటోడు.

నేను కెమెరా పట్టిన కొత్తల మా ఇంట్ల అందరు నవ్విండ్రు, కోడలు పెండ్లిళ్లు తీసుడేందని. నా మొదటి బేరం డోర్నకల్ల చర్చి పెండ్లి. గిది ఖరాబైతె కెమెరా అమ్మేసుడే అని మా బావ ముందే చెప్పిండు. తీరా పెండ్లి రేపనంగ సూసుకుంటె, వేరే కాడ కొన్న నా ఫ్లాష్‌తోని ఆ మెనూ తెరుచుకుంటలేదు. మొఖాలన్ని సున్నం కొట్టినట్టు వస్తున్నయి. పెండ్లిపిల్లదేమో తెల్లచీర. గాబరయి దుకాణం తెరవకముందే పోయి నిలవడ్డ.

సేటు ఊదుబత్తి ముట్టించెటాల్లకు నేనే మొదటి గిరాకీ. అల్మారల ఇంకో కంపెనీది ఒక్కటే ఉన్నది. ఎక్కించి సూస్తె అదీ మాట్లాడలె. ఏదైతె అదాయె, గదే ఇయ్యి సేటు అని బతిమాలిన. బోణీ గిరాకీని ఉత్తచేతులతోని తోలుడంటె సావుకారికి ఎంత కష్టమో మీకెరికే. లోపలి నుంచి వాళ్ల ఇంటామె గూడ బోణీ గదా, ఇయ్యరాదుండ్రి అన్నది.

సేటు దాన్ని మల్ల డబ్బల పెట్టి మూసిండు.

"అమ్ముతె నాకు బోణీ అయితది. రేపు ఆ పిల్ల ఫొటోలు ఏం గావాలె బిడ్డా?"

నా పాత ఫ్లాష్‌నే ఎక్కించిండు. మెనూ తెరుచుకోకుంటె ఏంది, ఫ్లాష్ ఎనుక బటన్లున్నయి గదా అన్నడు. దాన్ని ఆటోల నుంచి తీసి మాన్యువల్‌ల పెట్టిచ్చిండు. మనిషి దగ్గరుంటె వెలుగు తగ్గించుడు, దూరం జరుగుతె పెంచుడు. ఇంటామెకు తెల్ల తువ్వాల కప్పి, కౌంటర్ కాడ నిలవెట్టి తీపిచ్చిండు. తువ్వాల పోగులు ఫొటోల కనవడేదాక ఇడవలె. వచ్చిన గిరాకీలను ఆగమన్నడు. ఆమె నవ్వాపుకోలేక సచ్చింది.

తెల్లారి చర్చి లోపల మసకమసకగ ఉన్నది. ఉంగరాలు తొడిగే యాల్లకు నేను మెనూ జోలికే పోలె. నా బొటనేలు ఫ్లాష్ ఎనుక బటన్ మీదనే ఉన్నది. తీసి సూసుకున్న. తెల్లచీర మీది కుట్టుపూలు ఒక్కొక్కటి కనవడుతున్నయి. చామనచాయ పిల్ల చామనచాయగనే, సక్కగ ఉన్నది.

బయిటికొచ్చి సేటుకు ఫోన్ చేసిన. చీర కుట్టు కనవడ్డదా అనడిగిండు. కనవడ్డదన్న. మంచిదన్నడు. ఫోన్ పెట్టెయ్యకుంటనే అటు దుకాణంల ఎవలికో చెప్పవట్టిండు.

"మన ఫొటోగ్రాఫర్. డోర్నకల్ల పెండ్లి తీస్తున్నది."

అప్పటిదాక నేను ఫలానోళ్ల కోడల్ని. ఆ మాట ఇంకోసారి ఇనవడ్తదేమోనని ఫోన్ చెవు కాడ్నే పెట్టుకొని నిలవడ్డ. గుంపు ఫొటో కోసం పెండ్లోళ్లందరు మెట్ల మీద వరుసగ నిలవడి నా దిక్కే సూస్తున్నరు. పెండ్లిపిల్ల ముసుగు గాలికి లేస్తున్నది. నేను పోయేదాక ఎవ్వలు కదలలె.