మారిషస్ దుప్పి కోసం చెన్నూరు దాకా

పొద్దున ఆరున్నరకు కరీంనగర్‌లో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టాడు. యాభై రెండేళ్ళ టీచరమ్మ ఒక అర్ధరూపాయి బిళ్ళ కోసం ఊళ్ళు పట్టుకు తిరగడానికి ఇంతకన్నా మంచికాలం రాదు!

తెల్లదొరలు ఏలిన చిన్న చిన్న దీవుల వెండి నాణేలు పోగుచేయడం నా పిచ్చి. సిలోన్, సీషెల్స్, ఫిజీవి దొరికాయి. దుప్పి బొమ్మ ఉండే మారిషస్ అర్ధరూపాయే దొరకలేదు. ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని చేత్తో పట్టుకున్నాను. మా బాపు వెండి తీగతో నగిషీ పని చేసేవాడు. నాకు పట్టీలు చేద్దామని కొన్న పాత నాణేల్లో అది కనిపించింది. "పట్టీలొద్దు, గీ దుప్పియ్యి బాపూ" అని ఏడ్చాను. వినకుండా కరిగించేశాడు. ఆ పట్టీలు నేను ఒక్కపూటైనా తొడుక్కోలేదు, కన్నెత్తి చూడలేదు. అంత మొండిదాన్ని.

చెన్నూరులో మార్తమ్మ అనే పెద్దావిడ దగ్గర దుప్పి బిళ్ళ ఉందని మా బడి ఆయా చెప్పింది. ఫోన్ చేస్తే ఆవిడ, "కరిగిచ్చి మునిమనుమరాలికి పట్టీలు చేపిస్త" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆగవ్వా, పట్టీలు నేనే తెస్త" అన్నాను. పెట్టెలో నల్లబడి పడున్న నా పట్టీలనే గుడ్డమూటతో సహా సంచిలో వేసుకున్నాను. దుప్పిని తిన్న పట్టీలు దుప్పిని తెచ్చిపెడితే చెల్లుకు చెల్లు.

"బిళ్ళ కోసం బస్సెక్కినవా?" పక్క సీటామె నోరు తెరిచింది. "మా ఇంట్ల రూపాయి కింద పడితే వంగెటోళ్ళే లేరక్కా!"

తొమ్మిదికి మంచిర్యాల. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, చాయ్ కలిపి నలభై. తొమ్మిదింపావుకు చెన్నూరు బస్సు. వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోకండి, ఎండ మాడ్చేస్తుంది. పదిన్నరకు దిగి, చర్చి వెనక సందులోకి నడిచాను.

"వందనాలమ్మా" అంటూ మార్తమ్మ చాప పరిచింది. ఆరునెలల పాప దాని మీద దొర్లుతోంది. బిళ్ళ చేతికిచ్చింది. ఒకవైపు రాజుగారి గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. తిప్పి చూస్తే నున్నగా ఉంది. అంచున నాలుగు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి.

"దుప్పి ఏదవ్వా?"

"గదే టీచరమ్మా. మా వాడల పిల్లలందరికి మొదటి బువ్వ దీంతోనే. దొర మొకం పిల్ల నోట్ల పెట్టుడేందని దుప్పి దిక్కే పాయసం అద్ది పెడ్తం. పెట్టినప్పుడల్లా గా దిక్కు బూడిదేసి తోముతం. అరిగిపాయెనని కరిగిద్దామనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పొద్దూ, ఏడుపే వచ్చింది.

"పరేషాన్ గాకు బిడ్డా. నీకు పనికి రాకుంటే పట్టీలు వాపస్ తీస్కపో" అంది.

"మాట మాటే అవ్వా" అని మూట ఆవిడ చేతిలో పెట్టాను. "అయ్యో, గింత నల్లగున్నయి! జర తోమి తొడుగుత" అని చింతపండు, బూడిద పట్టుకుని పెరట్లోకి పోయింది.

కాసేపటికి అక్కణ్ణుంచే కేకేసింది. "టీచరమ్మా! గీటి మీద సుత దుప్పి ఉన్నది!"

పరుగెత్తాను. రెండు పట్టీల కొక్కేల దగ్గరా, వడ్లగింజంత, సన్నటి వెండి తీగతో అల్లిన దుప్పి. కొమ్ములు కూడా పెట్టాడు బాపు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు.

మార్తమ్మ పట్టీలు తుడిచి నా చేతిలోనే పెట్టింది. "మీ బాపు నీకు చేసిండు. నీ తాననే ఉండాలె."

ఈసారి మాట మాటే అనలేకపోయాను. వచ్చే ఆదివారం పాపకు దుప్పి కొక్కెంతోనే కొత్త పట్టీలు తెస్తానన్నాను. బిళ్ళ కరిగించనని ఆవిడ మాటిచ్చింది. అదే బిళ్ళతో పాప మొదటి పాయసం తింది, నేనూ ఒక గిన్నెడు తిన్నాను.

మూడింటి బస్సుకు తిరుగుప్రయాణం. చెన్నూరు వెళ్ళే నాణేల పిచ్చివాళ్ళకు ఒక్కమాట: ఆ బిళ్ళ అమ్మకానికి లేదు. నా డబ్బాలో మారిషస్ గడి ఖాళీగానే ఉంది. గోదావరి వంతెన మీద పట్టీలు తీసి మళ్ళీ చూసుకున్నాను. నలభై నాలుగేళ్ళ అలక తీరిపోయింది. ఆ మాట చెబుదామంటే, బాపు పోయి పదేళ్ళయింది.