అన్న అడిగిన చిన్న ట్యాబ్

మా సర్వీసు సెంటర్ అన్న పోయాడన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పై లైనులో ఆయన ఇక లేరని, కింది లైనులో పెండింగ్ రిపేర్ల కోసం ఎవరిని అడగాలో. రెండూ ఒకే మెసేజ్‌లో. ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతూ చదివాను. బోడుప్పల్‌లో ఇంట్లోనే, పొద్దున టీ తాగుతూ కూర్చున్న చోటే గుండె ఆగిపోయిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

నాచారంలో మాది ట్యాబ్‌లు తయారుచేసే కంపెనీ. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఆరోగ్య కార్యకర్తల చేతుల్లో ఉండేవి ఎక్కువగా మావే. పగిలినవన్నీ తిరిగి అన్న బల్ల మీదికి చేరేవి. ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు ఆ ట్యాబ్ వాడే ఆమెకు ఫోను చేసేవాడు. "ఎట్ల పడ్డదక్కా? తిట్టనీకి కాదు, జర చెప్పు" అని అడిగేవాడు. ఆమె చెప్పింది తెల్ల టేపు ముక్క మీద రాసి ట్యాబ్ వెనక అతికించేవాడు. 'చంకల పాప ఉండె.' 'వాన, గొడుగు పట్టుకున్న.' 'కుక్క ఎంబడి వడ్డది.' అలా ఫోన్లు చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చేస్తున్నందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

రిపేరు ఫారం తయారుచేసింది మాత్రం నేను. పగలడానికి కారణం అన్నచోట రెండే గడులు పెట్టాను: తయారీ లోపం, వాడేవారి అజాగ్రత్త.

అన్న దాన్ని చూసి, "మూడోది ఏది తమ్మీ?" అన్నాడు.

"ఇంకేముంటుందన్నా?"

"పట్టుకోనీకి చెయ్యి సాల్తలేదు. గది రాయి."

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన మనసులో ఏమీ పెట్టుకోలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి తన పచ్చిపులుసు నా అన్నంలో పోసి, "మీ కోస్తోళ్లు అండీ అండీ అనుకుంట అసలు మాట మింగుతరు" అని వెక్కిరించాడు. నిజమే, చాలాసార్లు మింగాను.

చిన్న ట్యాబ్ తేవాలని ఆయన ప్రతి మీటింగులో అడిగేవాడు. చిన్నది తెస్తే పెద్దది ఎవరు కొంటారని సేల్స్ వాళ్లు. కొత్త అచ్చు చేయించాలి, బ్యాటరీ మార్చాలి, ఫారాలు ఆ తెర మీద పట్టవు అని ఇంజనీర్లు. ఆ మాటల్లో నిజం లేదని నేను అనను. అన్న అన్నీ విని, "అక్షరాలు, ఫారంల గడులు ఎట్లనన్న మార్చొచ్చు. ఆడోళ్ల చేతులు పెద్దగ చేస్తమా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. "పరిశీలనలో ఉంది" అని ఎండీ గారు లేచేవారు.

పోయిన ఏడాది ఆ మాట తేలిపోవాల్సిన రోజు వచ్చింది. అన్న పగిలిన ట్యాబ్‌లు ఒక ట్రే నిండా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాదాపు అన్నీ ఒకే మూల పగిలాయి. వెనక టేపులు ఉన్నాయి, ఒక్కరైనా తిప్పి చదివితే ఒట్టు. నేను నా ఫారాల నుంచి తీసిన గ్రాఫు చూపించాను. అందులో పొడుగాటి కడ్డీ ఒక్కటే, వాడేవారి అజాగ్రత్త. చిన్న ట్యాబ్ అక్కర్లేదు, జాగ్రత్తగా పట్టుకోవడం మీద శిక్షణ ఇద్దాం అని తేల్చేశారు. అన్న నావైపు చూశాడు. నేను లాప్‌టాప్‌లోకి తల దూర్చాను.

కారిడార్‌లో భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చూపిచ్చింది అబద్ధం కాదు తమ్మీ. అడిగిందే తప్పు అడిగినవ్" అన్నాడు. గట్టిగా తిట్టి ఉంటే ఇప్పుడింత బాధ ఉండేది కాదు. మనిషిని అడగకుండా కారణం రాయకూడదని ఈ ఉద్యోగంలో నేర్పింది ఆయనొక్కడే. నేర్చుకునేసరికి ఆయన లేడు.

సంతాప సభ రిసెప్షన్‌లో పెట్టారు. ఆయన ఫోటోను మా పెద్ద ట్యాబ్‌లోనే పెట్టి దండ వేశారు. కాసేపటికొకసారి తెర ఆరిపోతుంటే రిసెప్షన్ అమ్మాయి వేలితో తట్టి వెలిగిస్తోంది. చివర్లో ఎండీ గారు దండ తీసి, ఆ ట్యాబ్‌నే జ్ఞాపికగా వదిన చేతిలో పెట్టారు. అప్పటికే ఆమె ఒక చేతిలో అన్న పనిముట్ల సంచి ఉంది. ట్యాబ్ జారబోతే గుండెకు అదుముకుంది.

"ఇంత పెద్దగున్నదేంది సారూ, పట్టుకోనీకి వస్తలేదు. దీంట్ల చిన్నది లేదా?"

"పరిశీలనలో ఉందమ్మా" అన్నారు ఎండీ గారు.

నేను లేచాను. "ఆ ఫారం తప్పు సార్. రాసింది నేను. అన్న టేపులు ఒక్కసారి చదవండి" అన్నాను. "ఇది సందర్భం కాదు, తర్వాత మాట్లాడదాం" అన్నారాయన. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

వదినను ఆటో ఎక్కించాను. సంచి ఒళ్లో, దాని మీద ట్యాబ్, అందులో అన్న. నాచారం గుంతల్లో ఆటో కుదిపేస్తుందని ఆమె ఒక చేత్తో పక్క కడ్డీ, రెండో చేత్తో ట్యాబ్ అంచు గట్టిగా పట్టుకుంది. ఆటో కదిలిందో లేదో తెర ఆరిపోయింది. తట్టి వెలిగించడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.